ఉస్తాద్ కట్టిన బోటు ఇంజన్

నాకంటే నా కోపం ఒక గంట ముందు పుట్టిందని మా అమ్మ అనేది. ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేవాణ్ణి. యాభై దాటాక ఆ మాట గుర్తొస్తే నవ్వు రావడం లేదు. ఒక మనిషి నలభై ఏళ్ళు పని చేసి సంపాదించుకున్న పేరుని నేను పావుగంటలో, పదిమంది చూస్తుండగా పోగొట్టాను. అందులో ఆయన తప్పు గోరంత కూడా లేదు.

పంజాగుట్ట నుంచి ఎర్రమంజిల్ వైపు వచ్చే దారిలో, మెట్రో స్తంభాల వెనక ఉన్న గల్లీలో నా షెడ్డు. ఒకప్పుడు ఆ గల్లీ అంతా మెకానిక్కులే. ఇప్పుడు అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు పొంగి ఇక్కడిదాకా వచ్చాయి. మా పక్కన హాస్టలు, ఎదురుగా టిఫిన్ సెంటరు, పై అంతస్తులో ఇంగ్లీషు మాట్లాడ్డం నేర్పే క్లాసు. మధ్యలో మేం నాలుగు షెడ్లవాళ్ళం మిగిలాం. డీజిల్ ఇంజన్లు పూర్తిగా విప్పి, అరిగినవి మార్చి, మళ్ళీ కూర్చి ఇస్తాం. దాన్ని మేము ఇంజన్ కట్టడం అంటాం, ఇల్లు కట్టడంలాగే. హాస్టలు పిల్లలు ముక్కు మూసుకుని మా ముందు నుంచి పోతుంటారు. వాళ్ళు ఊరికి ఎక్కి వెళ్ళే బస్సు ఇంజన్ ఎవరు కడితే నడుస్తోందో వాళ్ళకి అక్కర్లేదు.

నాకు పని నేర్పింది ఉస్తాద్. నేను కోస్తా నుంచి డిప్లొమా కాగితం పట్టుకుని అమీర్‌పేటలో దిగి, ఒక పెద్ద షెడ్డులో చేరినప్పుడు ఆయనే అక్కడ పెద్ద మెకానిక్. నా కాగితం చూసి మడత పెట్టి నా జేబులోనే పెట్టి, "గిది ఇంట్ల పెట్టుకో భాయ్, నూనె అంటుతది" అన్నాడు. స్పానరు ఎలా పట్టుకోవాలో దగ్గర్నుంచి నేర్పాడు. తరవాత నేను సొంతంగా షెడ్డు పెట్టినప్పుడు, పిలవగానే నాతో వచ్చాడు. యూసుఫ్‌గూడలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాడు. రోజూ పొద్దున తొమ్మిదికల్లా పాత స్కూటరు మీద వచ్చి, చొక్కా విప్పి మేకుకి తగిలించి, చేతులు ఒకసారి రుద్దుకుని పనిలో దిగేవాడు. నేను ఆయనకి జీతం ఇచ్చేవాణ్ణే గానీ, ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ ఆయన్ని 'మీరు' అనే అన్నాను.

మా గల్లీలో ఒక ఆచారం ఉంది. ఇంజన్ మూసి చివరి బోల్టు బిగించినవాడు, బ్లాకు అనే ఇంజన్ దిమ్మ పక్కన చిన్న ఉలితో తన గుర్తు కొడతాడు. ఒకడిది గీత, ఒకడిది ఇంటు గుర్తు. ఉస్తాద్‌ది మూడు చుక్కలు. ఆ గుర్తు ఉన్న ఇంజన్ చెడి తిరిగొస్తే గుర్తు కొట్టినవాడే, కూలి అడక్కుండా, అందరి ముందూ విప్పాలి. ఉస్తాద్ చుక్కలున్న ఇంజన్ తిరిగి రావడం అప్పటిదాకా నేను చూడలేదు. పాత లారీ కొనేవాళ్ళు బానెట్ ఎత్తి, బ్లాకు పక్కన వేలితో తడిమి, చుక్కలు తగిలితే ఇంకేం చూసేవాళ్ళు కాదు. ఆ మనిషికి ఇల్లు లేదు, పొలం లేదు. ఉన్నదల్లా ఆ పేరే. అది నాకు తెలుసు. తెలిసే చేశాను కాబట్టే ఇప్పుడు ఇంత రాస్తున్నాను.

మా అక్క భర్తకి ఊళ్ళో చేపల బోటు ఉంది. ఒకరోజు ఫోన్ చేసి ఇంజన్ తిరగకుండా పట్టేసిందన్నాడు.

"ఇక్కడి మెకానిక్కుల మీద నాకు గురి లేదురా. సొంత బావమరిది హైదరాబాదులో షెడ్డు పెట్టుకుని కూర్చుంటే నేను ఊళ్ళోవాళ్ళ కాళ్ళు పట్టుకోవడమేంటి? ఇంజన్ పంపిస్తున్నాను" అన్నాడు.

ఊళ్ళో మెకానిక్కులు పొద్దున లేస్తే బోటు ఇంజన్లే చూస్తారు. మేము జన్మలో ఒక్కటీ చూడలేదు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. బావ ముందు చిన్నతనం. పంపండి బావా, కొత్తదానిలా చేసి ఇస్తాను అన్నాను.

వచ్చింది. డీసీఎం వ్యాను తలుపు తీసేసరికి గల్లీ అంతా చేపల కంపు. టిఫిన్ సెంటరు ఆయన గరిటె పట్టుకునే బయటికొచ్చి, "అన్నా, గిరాకీ పోతది, జర లోపలికి పెట్టుకోండి" అన్నాడు. ఇంజన్ మాకు కొత్తదేం కాదు. లారీకి వచ్చే ఆరు సిలిండర్ల ఇంజన్నే బోటుకి తగ్గట్టు మార్చారు. లోపల బేరింగులు కాలిపోయాయి. ఇంజన్ అడుగున ఆయిల్ నిలవుండే రేకు తొట్టి ఉంటుంది, దాన్ని ఛాంబర్ అంటాం. అది ఉప్పుగాలికి తుప్పు పట్టి నాలుగుచోట్ల చిల్లులు పడింది.

అతుకులు వేయించవచ్చు. నాకు తొందర. అదే ఇంజన్‌కి లారీలో వచ్చే ఛాంబర్ పాత సామాన్ల బజారులో దొరికితే తెచ్చాను. బోల్టులన్నీ టంచనుగా సరిపోయాయి. తేడా ఒక్కటే. ఛాంబర్‌లో ఒకవైపు లోతుగా గుంట ఉంటుంది, ఆయిల్ పీల్చే గొట్టం మూతి అందులో మునిగి ఉంటుంది. బోటు ఛాంబర్‌కి ఆ గుంట వెనకవైపు ఉంది, లారీ దానికి ముందువైపు. గొట్టం కూడా లారీదే వేస్తే సరిపోతుంది. ఉస్తాద్ రెండు ఛాంబర్లూ పక్కపక్కన బోర్లించి, గడ్డం గోక్కుంటూ చూశాడు.

"గుంట అటుది ఇటైంది భాయ్" అన్నాడు.

"బోల్టులు పడుతున్నాయి కదా ఉస్తాద్. లారీలో నడిచేది బోటులో నడవదా?"

"లారీల అయితే నడుస్తది" అని గొట్టం అందుకున్నాడు.

పదిరోజులు కట్టాడు. ఒక్కో బేరింగు వేసి, అందులో తిరిగే క్రాంకు ఇరుసుని చేత్తో తిప్పి, చెవి దగ్గర పెట్టి వినేవాడు. ఆయన పని చేస్తుంటే పై అంతస్తు ఇంగ్లీషు క్లాసు కూడా నాకు వినపడేది కాదు. ఇంజన్‌ని స్టాండు మీద ఎక్కించి స్టార్ట్ చేశాం. మా షెడ్డు నేల నేను దగ్గరుండి పోయించింది, రసమట్టం పెట్టి చూసుకున్నది. మూడు గంటలు నడిపినా ఆయిల్ ప్రెషర్ ముల్లు నాలుగు మీద నుంచి కదల్లేదు. ఉస్తాద్ మూడు చుక్కలు కొట్టాడు. నేను ఇంజన్‌కి పసుపు కుంకుమ పెట్టి నిమ్మకాయ కట్టి పంపించాను.

వారానికి బావ ఫోన్.

"ఏరా, రేవులో ఉన్నంతసేపూ బానే ఉంది. బయటికెళ్ళి స్పీడు పెంచితే అరగంటకి ముల్లు పడిపోతోంది. తగ్గిస్తే మళ్ళీ లేస్తోంది. ఏంటి సంగతి?"

మీటరు తప్పు చూపిస్తోందేమో, మార్చమన్నాను. మార్చాడు. ముల్లు పడింది. ఫిల్టరు మార్చమన్నాను. చిక్కటి ఆయిల్ పోయమన్నాను. పోశాడు, అయినా పడింది. ప్రెషర్ వాల్వు స్ప్రింగు వెనక ఒక వాషరు పెట్టించమన్నాను. అది మెకానిక్కుల దొంగ వైద్యం, జ్వరం తగ్గించకుండా థర్మామీటరు సర్దడం లాంటిది. దానికీ లొంగలేదు. చివరికి బావకి విసుగొచ్చి, ఆయిల్ కొలిచే పుల్ల మీద గుర్తు దాటేదాకా ఆయిల్ పోసేశాడు. అప్పుడు ముల్లు నిలబడింది గానీ ఇంజన్ నీలంగా పొగ కక్కడం మొదలెట్టింది, వెనక సీలు దగ్గర నుంచి ఆయిల్ కారడం మొదలెట్టింది. తగ్గిస్తే ప్రెషర్ లేదు, పెంచితే పొగ. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"నీ ఇంజన్ డీజిల్ కంటే ఆయిలెక్కువ తాగుతోందిరా" అన్నాడు బావ. ఇంజన్ ఆయనది. చెడగానే నాదైంది.

మొదటిసారి తిరిగొచ్చింది. దింపిన రోజే, టిఫిన్ సెంటరు ఆయన మళ్ళీ గొడవ పెడతాడని, విప్పిన సామానంతా డీజిల్ కొట్టి కడిగించేశాను. ఉస్తాద్ మధ్యాహ్నం నమాజు చేసుకుని వచ్చేసరికి అన్నీ తళతళలాడుతున్నాయి. ఆయన మొహం మారింది.

"మైల చూడకముందే కడగొద్దు భాయ్. ఎన్నిసార్లు చెప్పిన? రోగం మైలల్నే ఉంటది."

అది ఆయన పద్ధతి. విప్పిన ముక్కని ముందు మురికితోనే వెలుతురులో పెట్టి చూసేవాడు. ఎక్కడ నలుపు, ఎక్కడ తుప్పు, ఎక్కడ మెరుపు చూసుకున్నాకే కడిగించేవాడు. నేనూ ఆయన దగ్గర అదే నేర్చుకున్నాను. చేపల కంపుకి భయపడి మర్చిపోయాను.

బేరింగులు చేతిలోకి తీసుకుని వేలితో రాసి చూశాడు. "ఇది బిగింపు తప్పు కాదు. ఆయిల్ అందలే. ఎండిపోయి అరిగింది" అన్నాడు. తరవాత అడిగాడు. "భాయ్, బోటుల ఇంజన్ సీదా కూసుంటదా, వంగి కూసుంటదా?"

గల్లీలో మిగతా షెడ్లవాళ్ళు, స్పేర్ పార్టుల కొట్టు ఆయన, ఇద్దరు లారీవాళ్ళు చుట్టూ ఉన్నారు. ఉస్తాద్ ఇంజన్ తిరిగొచ్చిందంటే వింత, చూడ్డానికి వచ్చారు. అసలే నాకు మండిపోతోంది.

"నేను సముద్రం పక్కన పుట్టాను ఉస్తాద్. బోటు ఎలా ఉంటుందో మీరు నాకు చెప్పాలా? మీరు హుస్సేన్‌సాగర్ తప్ప నీళ్ళు ఎప్పుడు చూశారు?"

అందరూ నవ్వారు. ఉస్తాద్ కూడా కొంచెం నవ్వాడు. "నిజమే. నాకేం తెలుసు" అని బేరింగుల డబ్బా విప్పాడు. మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు.

నిజం చెప్తాను. నేను పుట్టింది సముద్రానికి రెండు కిలోమీటర్ల దూరంలో. చిన్నప్పుడు ఒక్కసారి బోటెక్కాను, ఒడ్డు కనపడుతుండగానే వాంతి చేసుకున్నాను. బోటు కింద ఇంజన్ గది ఎలా ఉంటుందో తొంగి కూడా చూడలేదు. రైలు పట్టాల పక్కన పుట్టినవాడికి రైలు నడపడం రాదు కదా. కానీ హైదరాబాదులో ముప్పై ఏళ్ళుగా నేను కోస్తావాణ్ణి. నీళ్ళ సంగతి నాకు తెలియదంటే ఎలా? ఒక్క ఫోన్ చేసి 'బావా, ఇంజన్ ఏ వాలున కూర్చుంటుంది' అని అడిగితే అయిపోయేది. అడిగితే చిన్నవాణ్ణి అయిపోతాను.

ఉస్తాద్ కొత్త బేరింగులు వేసి మూశాడు. స్టాండు మీద మళ్ళీ ముల్లు నాలుగు మీదే. మళ్ళీ పంపించాం.

రెండోసారి ఫోన్ బావ చెయ్యలేదు, మా అక్క చేసింది. ఇంజన్ నడిసముద్రంలో పట్టేసిందట. ఆ బోటులో బావతోపాటు ఇంకో ముగ్గురు. వేరే బోటువాళ్ళు చూసి తాడు కట్టి లాక్కొచ్చేదాకా అలా కొట్టుకుంటూ ఉన్నారట.

"నీకు చేతకాకపోతే చేతకాదని చెప్పకూడదా? ఆయనకి ఏమన్నా అయితే నేనెవరిని అడగాలి?" అంది. ఇంకా చాలా అంది. నేను ఊ కొడుతున్నాను. లోపల మాత్రం ఆ మాటలన్నీ ఎవరి మీదికి తొయ్యాలా అని వెతుక్కుంటున్నాను. అది ఇప్పుడు తెలుస్తోంది గానీ అప్పుడు దాన్ని న్యాయం అనుకున్నాను.

బావ బోటు చాలారోజులు రేవులోనే కట్టేసి ఉంది. ఇంకో పడవ మీద కూలికి వెళ్ళాడు. చివరికి ఇంజన్ దింపించి మూడోసారి వ్యానెక్కించాడు. అది గల్లీలోకి రాగానే మళ్ళీ అందరూ పోగయ్యారు. ఆచారం ప్రకారం ఉస్తాద్ స్పానర్ల పెట్టె తెచ్చుకుని ముందుకొచ్చాడు. ఒక్క బోల్టు కూడా విప్పలేదింకా. విప్పకముందే నేను తీర్పు చెప్పాను.

"ముట్టుకోవద్దు. నువ్వు చేసింది చాలు" అన్నాను. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆయన్ని నువ్వు అన్నాను. "నీకు కళ్ళు ఆనడం లేదు. చెయ్యి వణుకుతోంది. బిగువు తెలియడం లేదు. వయసైపోయాక ఇంట్లో కూర్చోవాలి గానీ జనం ప్రాణాల మీదికి తేకూడదు. మా బావ చచ్చిపోయుంటే మా అక్కకి నీ చుక్కలు చూపించమంటావా?"

ఇంకా ఏదో అన్నాను. పావుగంట పైనే అరిచాను. పై అంతస్తులో ఇంగ్లీషు క్లాసు ఆగిపోయింది, కిటికీల్లో తలలు కనపడ్డాయి. ఆడలేక మద్దెల ఓడు అన్నాడట వెనకటికొకడు. నేను మద్దెలని కూడా వదిలి, నాకు ఆట నేర్పినవాణ్ణి ఓడు అన్నాను.

ఉస్తాద్ ఎదురు మాట్లాడతాడనుకున్నాను. ఆయన తన రెండు చేతులూ ముందుకు చాపి, వేళ్ళు విడదీసి, వాటి వంక చూసుకున్నాడు. తరవాత నా వంక చూశాడు.

"నిజంగ అట్లయిందా భాయ్, నా చెయ్యి?"

ఆ ప్రశ్నలో కోపం లేదు. తెలుసుకుందామనే అడిగాడు. తన చెయ్యి చెడిందో లేదో చెప్పగల మనిషిని నేనని, తన దగ్గర నేర్చుకున్నవాణ్ణి గనక నాకు తెలుస్తుందని నమ్మి అడిగాడు.

"అయింది" అన్నాను.

ఆయన డీజిల్‌తో చేతులు కడుక్కుని, మేకు మీది చొక్కా తొడుక్కున్నాడు. స్కూటరు రెండు కిక్కులకి స్టార్టయింది. జనం దారి ఇచ్చారు. ఆ సాయంత్రమే నేను ఆకురాయి పట్టుకుని బ్లాకు మీది మూడు చుక్కలూ అరగదీశాను. స్పేర్ పార్టుల కొట్టు ఆయన చూస్తూ నిలబడి, "సరే తియ్యి అన్నా, ముసలోడయిండు. ఎన్ని దినాలని కడతడు" అన్నాడు. ఆ మాట నాకు చల్లగా తగిలింది.

నాలుగు రోజులు పంతం కొద్దీ ఇంజన్‌ని ముట్టుకోలేదు. ఐదోరోజు నేనే విప్పాను. కడిగించలేదు. బుద్ధొచ్చి కాదు, చేసే మనిషి లేక. ఛాంబర్ ఊడదీసి, మురికి ఆయిల్ పారబోసి, షెడ్డు గుమ్మం దగ్గర ఎండలో నిలబెట్టాను. టీ తాగుతూ ఊరికే దానివంక చూశాను.

ఛాంబర్ లోపలి గోడ మీద ఒక గీత ఉంది. గీతకి పైన సన్నగా తుప్పు, కింద నున్నగా నల్లగా. ఇంజన్ రేవులో అన్నాళ్ళు నిలబడి ఉన్నప్పుడు ఆయిల్ ఎంతవరకు ఉందో అంతవరకు తుప్పు పట్టలేదు. అలాంటి గీత ప్రతి ఛాంబర్‌లోనూ ఉంటుంది, అది అడుగుకి సమానంగా ఉంటుంది. ఇది అలా లేదు. వెనక గోడ మీద జానెడు ఎత్తున మొదలై, ముందుకొచ్చేకొద్దీ దిగిపోయింది. గుంట ఉన్న ముందువైపు వచ్చేసరికి గొట్టం మూతికి కాస్త పైనే ఆగింది.

టీ గ్లాసు అలాగే పట్టుకుని కూర్చుండిపోయాను. ఇంజన్ బోటులో వెనక్కి వాలి కూర్చుంటుంది. నీళ్ళలో తిరిగే ఫ్యాను కిందకి ఉంటుంది కాబట్టి, దానికి వెళ్ళే ఇరుసు వాలుగా ఉంటుంది, ఇంజన్ కూడా ఆ వాలునే ఉంటుంది. స్పీడు పెంచితే బోటు ముక్కు లేచి ఆ వాలు ఇంకా పెరుగుతుంది. ఆయిలంతా వెనక్కి పోతే ముందు గుంటలో గొట్టం గాలి పీలుస్తుంది. ముల్లు పడిపోతుంది. ఎక్కువ పోస్తే వెనక క్రాంకు ఆయిల్‌లో మునిగి చిలుకుతుంది, పొగొస్తుంది, సీలు కారుతుంది. అందుకే బోటు ఛాంబర్‌కి గుంట వెనక పెట్టారు. రసమట్టం పెట్టి పోయించిన నా నేల మీద ఆ ఇంజన్ నూరేళ్ళు నడిపినా ఈ జబ్బు బయటపడదు.

సీదా కూసుంటదా, వంగి కూసుంటదా. జన్మలో సముద్రం చూడనివాడు రెండు ఛాంబర్లు చూసి పట్టుకున్న సంగతి అది. నేను ఆ ప్రశ్నకి నలుగురినీ నవ్వించాను.

తుప్పు పట్టిన పాత ఛాంబర్ షెడ్డు వెనకాలే పడి ఉంది. వెల్డింగు ఆయన్ని పిలిచి అతుకులు వేయించాను. సగం రోజు పని. క్రాంకు సాన పట్టించి, కొత్త బేరింగులు వేసి నేనే కట్టాను. నా గుర్తు కొట్టాను. ఉస్తాద్ చుక్కలు అరగదీసిన చోటే కొట్టాల్సి వచ్చింది, ఆ చోటొక్కటే అందుతుంది.

ఇంజన్ నడిచింది. ఇప్పటికీ నడుస్తోంది. బావ ఫోన్ చేసి, "ముందే నువ్వు కట్టి ఉంటే ఇంత రభస ఉండేది కాదు కదరా" అన్నాడు. అక్క ఏడ్చి, తమ్ముడూ ఏమీ అనుకోకు అంది. గల్లీలో అయితే ఇంక చెప్పనక్కర్లేదు. ఉస్తాద్ రెండుసార్లు కట్టలేనిదాన్ని నేను ఒక్కసారికి కట్టానని అందరూ అనుకున్నారు. స్పేర్ పార్టుల కొట్టు ఆయన వచ్చిన ప్రతి గిరాకీకీ ఆ కథ చెప్పాడు. నేను దొంగకి తేలు కుట్టినట్టు ఊరుకున్నాను. కాదు అని ఒక్కసారి అనలేకపోయాను. రెండోరోజు అనడం మొదటిరోజు కంటే కష్టమైంది. నెల తరవాత ఇంకా కష్టమైంది.

నాలుగు నెలలకి యూసుఫ్‌గూడ వెళ్ళాను. ఉస్తాద్ ఇంటి కింద చిన్న కొట్టు ఉంది, ఆయన అల్లుడిది. సెల్‌ఫోన్ల కవర్లు, ఛార్జర్లు అమ్ముతారు. ఉస్తాద్ స్టూలు మీద కూర్చుని, ఒకామె ఫోన్‌కి అద్దం అతికిస్తున్నాడు. నన్ను చూసి లేచాడు. ఎప్పటిలాగే "రా భాయ్" అన్నాడు. నాకు ఆ పిలుపు తిట్టినట్టే తోచింది.

చెప్పడానికే వెళ్ళాను కాబట్టి చెప్పాను. ఛాంబర్, గీత, గుంట, వాలు, అన్నీ. ఆయన అంతా విన్నాడు.

"అంటే వంగి కూసుంటది" అన్నాడు.

"అవును ఉస్తాద్. వెనక్కి వంగి కూర్చుంటుంది."

"అయితే నా చెయ్యి మంచిగనే ఉండెనా?"

"మీ చేతికేం కాలేదు. తప్పు నాది. ఛాంబర్ తెచ్చింది నేను, మీరు అడిగితే నోరు మూయించింది నేను."

ఆయన కౌంటరు మీద గుడ్డతో అద్దం ముక్క తుడుస్తూ చెప్పాడు.

"నాలుగు నెలలైంది. నాకు నేనే రోజు చూసుకుంటున్న. పొద్దుగాల లేచి గ్లాసుల నీళ్ళు పోసి పట్టుకుంట, వణుకుతదా అని. వణకలే. అయినా భాయ్ చెప్పిండు కదా, వాడికి తెలుస్తది అనుకున్న. సామాను సుత అమ్మేసిన. ఇంక దేనికని."

ఆ పెట్టె ఆయన తండ్రిది. ఆ స్పానర్ల మీదే నేను పని నేర్చుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, నేను ఇస్తాను ఉస్తాద్, కొత్త సెట్టు తెస్తాను, రేపే పనిలోకి రండి అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"సామాను ఏముంది, దొరుకుతది. గల్లీల చెప్పినవా గీ మాట?"

"ఇంకా లేదు. చెప్తాను."

"అందరి ముందు అన్నవు కదా. అందరి ముందే చెప్పు. పెద్దగ ఏం వద్దు, ఉస్తాద్ చెయ్యి తప్పు కాదు, ఛాంబర్ తప్పు అను. అంతే. అది వాళ్ళు విన్నాంక వస్త. అప్పటిదాక నేను ఆ గల్లీల ఏం మొహం పెట్టుకుని తిరగాలె? జుమ్మా నమాజుకి సుత వేరే మసీదుకి పోతున్న."

రేపే చెప్తానని మాటిచ్చాను. ఆయన టీ తెప్పించాడు. వద్దంటే ఊరుకోలేదు. నేను బండి తీస్తుంటే బయటిదాకా వచ్చి, "జర యాది పెట్టుకో భాయ్" అన్నాడు.

మర్నాడు చెప్పలేదు. ఆ రోజు షెడ్డు నిండా పని. తరవాతి రోజు స్పేర్ పార్టుల కొట్టు ఆయన ఇంట్లో పెళ్ళి, ఆ సంబరంలో ఈ గొడవెందుకనిపించింది. ఆ తరవాత కారణాలు వెతకడం కూడా మానేశాను. తప్పు ఒప్పుకుంటే మనిషి పెద్దవాడవుతాడని అందరూ చెప్తారు. ఒప్పుకుని పెద్దవాడైనవాణ్ణి మా గల్లీలో నేనైతే చూడలేదు. ఛాంబర్ గుంట ఎటుందో చూసుకోనివాడి దగ్గరికి ఎవరొస్తారు? ఉస్తాద్ వెళ్ళిపోయాక కూడా నా షెడ్డు నడుస్తోందంటే ఆ బోటు ఇంజన్ కథ వల్లే. ఆ కథలో నేను మొనగాణ్ణి.

యూసుఫ్‌గూడ వైపు పని పడితే ఇప్పుడు నేను కృష్ణానగర్ మీదుగా చుట్టూ తిరిగి వెళ్తున్నాను.

మొన్న శ్రీనగర్ కాలనీ నుంచి ఒకాయన వచ్చాడు. ఆయనకి నీళ్ళ ట్యాంకర్లు ఉన్నాయి. చాలా ఏళ్ళ క్రితం ఆయన బండి ఇంజన్ మా షెడ్డులోనే కట్టించుకున్నాడట, ఇప్పటిదాకా చెయ్యి పెట్టలేదట. ఇప్పుడు రెండో బండి తెస్తానంటున్నాడు. షెడ్డులోకి తొంగి చూసి, "పెద్దాయన ఏడి? ఆయన కడితే నాకు ఫికర్ ఉండదు. ఆయన కోసమే వచ్చిన" అన్నాడు.

గల్లీలో నలుగురూ ఉన్నారు. సరిగ్గా ఉస్తాద్ అడిగిన జనమే. నేను నోరు తెరిచాను. ఈలోగా స్పేర్ పార్టుల కొట్టు ఆయన కుర్చీలోంచి లేవకుండానే అందుకున్నాడు.

"ఉస్తాద్ చెయ్యి పోయింది అన్నా. ఒక బోటు ఇంజన్ రెండుసార్లు కట్టిండు, రెండుసార్లూ ఫెయిలే. మనుషులు సచ్చిపోతుండె. లాస్ట్‌కి గీ అన్ననే విప్పి మంచిగ చేసిండు. అడగండి కావాలంటే."

ట్యాంకర్ల ఆయన నా వంక తిరిగాడు. "నిజమేనా అన్నా? గంత మంచి చెయ్యి పోయిందా?"

"అవునండీ" అన్నాను. బండి ఎప్పుడు తెస్తారని అడిగాను.